సారక్క చేతి మందు

సారక్క పొయ్యిని గడ్డపారతో పెకలించింది పరాయివాళ్లు కాదు, ఆమె పెనిమిటి జంపయ్యే. పొద్దు ఇంకా కుంకలేదు. వాకిలి నిండా ఇరుగుపొరుగు ఉన్నారు. పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం గిన్నెను జంపయ్య కాలితో తోశాడు. గంజి నిప్పుల మీద పడి బుస్సున పొగ లేచింది. ఆ పొగలోనే గడ్డపార వేశాడు. సారక్క అడ్డం పోలేదు. గుంజకు ఆనుకుని, తన పొయ్యి గడ్డలు గడ్డలుగా ఊడిరావడం చూస్తూ నిలబడింది. జంపయ్య తమ్ముడు ప్రేమ్‌సాగర్ అరుగు మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. వాడి చిన్నతనమంతా ఆ పొయ్యి మీద ఉడికిన మెతుకుల మీదే గడిచింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె మీద పడ్డ నేరం, మరిదికి మందు పెట్టిందని. రోగానికి వేసుకునే మందు కాదు. మనిషిని చెప్పుచేతల్లో ఉంచుకోవడానికి కూరలోనో చారులోనో కలిపి పెడతారని జనం నమ్మే మందు. అది పేగుకు అంటుకుని మనిషిని లోపలినుంచి పీల్చేస్తుందంటారు. ఇలాంటి మాటలు ఊళ్లలో పుడుతూనే ఉంటాయి, కొన్నాళ్లు నలిగి చల్లారుతాయి. ఇది చల్లారలేదు. ఎందుకంటే ఈ మాట ఈసారి ఏ పూనకం వచ్చిన మనిషో చెప్పింది కాదు. ఖమ్మంలో స్కానింగ్ మిషన్ చెప్పింది.

రెండువేల రెండో సంవత్సరం మాట. పినపాక అవతల, అడవి మొదలయ్యే చోట ఆ ఊరు. సారక్క పుట్టింది కుసుమంచి దగ్గర. అక్కడి చెరువు కింద పొలాల మధ్య పెరిగిన పిల్లను తెచ్చి అడవి ఒడ్డున వేశారు. జంపయ్య వెదురు కూపులో మేస్త్రీ. అడవిలో వెదురు నరికే జాగాను కూపు అంటారు. నరికిన వెదురు కట్టలు కట్టలుగా లారీలెక్కి సారపాక కాగితం మిల్లుకు పోయేది. కూపు నడిచినన్నాళ్లూ కూలోళ్లందరికీ సారక్కే వండేది. ఆమె చేతిలో ఏదో ఉందని అందరూ అనేవారు. ఉప్పు చూడకుండా వేసేది, సరిపోయేది. గోదావరి చేపకు చింతపండు, మెంతిపొడి తప్ప ఇంకేమీ వేయకపోయినా పక్క కూపు వాళ్లు ఆకులు పట్టుకుని వచ్చేవారు.

లాలు అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. లోడు ఎత్తడం అయిపోయినా కదిలేవాడు కాదు.

"ఏం మందు కలుపుతవో ఏమో సారక్కా, నీ పులుసు తిన్నంక మా ఇంటిదాని కూర నోట్లకు పోతలేదు," అనేవాడు వేళ్లు నాకుతూ.

"కలిపిన. నీకు డబల్ డోసు," అనేది సారక్క.

అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వినవాళ్లే తర్వాత వాకిట్లో నిలబడి, ఆమె తన నోటితోనే ఒప్పుకుందని, తాము చెవులారా విన్నామని చెప్పారు. లాలు మాత్రం చెప్పలేదు. కాదనీ అనలేదు. ఆ ఊరి దారి మానుకుని వేరే ట్రిప్పులు వేయించుకున్నాడు.

సాగర్ సంగతి చెప్పాలి. సారక్క కాపురానికి వచ్చేనాటికి వాడు ఇంకా పలక పట్టలేదు. అత్త పొద్దున లేస్తే కూలికి పోయేది. పిల్లవాడికి సారక్క ముద్దలు చేసి పెట్టేది. ముద్ద చేసి కంచంలో పెడితే తినేవాడు కాదు, ఆమె చేతితో నోట్లో పెట్టాలి. మీసాలు వచ్చాక కూడా, మణుగూరు బొగ్గు గనిలో కాంట్రాక్టు పనికి పోతున్నప్పుడు కూడా, డ్యూటీ దిగి వచ్చి, "వదినా, ఒక్క ముద్ద," అని నోరు తెరిచేవాడు. అత్త ముక్కు విరిచేది.

"పెండ్లం అచ్చినంక గూడ గిట్లనే నోరు తెరుస్తవారా?"

అప్పుడే ఎక్కడో ఒక ముల్లు నాటుకుంది. సారక్క తన చెల్లెలు భవానిని సాగర్‌కు చేసుకోమని ఒకటి రెండుసార్లు అన్నది. వాడు నవ్వి ఊరుకున్నాడు. అత్తకు మాత్రం ఆ మాట గుర్తుండిపోయింది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి సాగర్‌కు కడుపునొప్పి పట్టుకుంది. తిన్న కాసేపటికి కుడివైపు బొడ్డు కింద మెలిపెట్టేది. విరేచనాలు. సాయంత్రమైతే ఒళ్లు కాలేది. ఊళ్లో సూది వేసే డాక్టరు వేసిన సూదులన్నీ అయిపోయాయి. చొక్కా భుజాల మీద వేలాడడం మొదలైంది. తింటేనే నొప్పి వస్తోంది కనుక వాడు తినడం మానేశాడు. తింటేనే నొప్పి వస్తోందన్న మాటను అత్త పట్టుకుంది. ఎవరు వండింది తింటే, అని అడిగింది.

సారక్క తనకు తెలిసింది చేసింది. విరేచనాలకు వాళ్లమ్మ చేసే వైద్యం ఒకటుంది. దానిమ్మ తొక్కలు ఎండబెట్టి, రోట్లో దంచి, ఆ పొడి మజ్జిగలో కలిపి ఇవ్వడం. అది వగరు. సాగర్ నోట్లో పెట్టుకోడని తెలుసు. అందుకని చెప్పకుండా, ఉప్పు కాస్త ఎక్కువ వేసి, చారులో కలిపి పోసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసినంత సంగతని ఆమెకు తోచలేదు.

చివరికి జంపయ్య తమ్ముణ్ణి ఖమ్మం తీసుకుపోయాడు. అక్కడ దవాఖానాలో చూసి స్కానింగ్‌కు రాశారు. ఆ గదిలో జరిగింది తర్వాత జంపయ్య పదిమందికి చెప్పాడు, ప్రతిసారీ ఒకే తీరుగా చెప్పాడు. వాణ్ణి చల్లటి బల్ల మీద పడుకోబెట్టి, పొట్టకు జిగురు రాసి, ఇస్త్రీపెట్టె అంత కూడా లేని ఒక వస్తువుతో పొట్టమీద రుద్దారు. టీవీలో బూడిదరంగు మబ్బుల్లాంటివి కదిలాయి. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. డాక్టరు తెర మీదనుంచి కళ్లు తీయకుండా అన్నాడు.

"చిన్నపేగు చివర మందం పట్టిందయ్యా. గోడంతా పట్టింది."

జంపయ్య ముందుకు వంగాడు.

"మందేనా సార్?"

"మందమే. బాగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఈ నొప్పి?"

అంతే. పేగు గోడ లావెక్కిందని డాక్టరు చెప్పాడు. పేగుకు మందు పట్టిందని జంపయ్య విన్నాడు. ఇది టీబీ కావచ్చు, ఇంకేదైనా వాపు రోగం కావచ్చు, హైదరాబాద్ పోయి చూపించుకోండి అని ఆ తర్వాత డాక్టరు అన్న మాటలేవీ అతని చెవిలో దూరలేదు. వినదలుచుకున్న మాట విన్నవాడికి మిగతావి ఎందుకు? రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఊళ్లో ఇంటరు ఫెయిలయిన ఒకడు దాన్ని తిప్పి తిప్పి చూసి, అవును, పేగు అనే రాసి ఉందన్నాడు.

అదే సాయంత్రం వాకిట్లో అత్త సారక్కను నిలబెట్టింది.

"దేవుని మీద ఒట్టేసి చెప్పు. నా కొడుకు తిండ్ల ఏమన్న కలిపినవా లేదా?"

సారక్కకు అబద్ధం ఆడవలసిన అవసరం కనబడలేదు.

"కలిపిన అత్తా. మందు కలిపిన. కడుపుల మంచిగయితదని."

కడుపులో మంచిగవుతుందన్న మాట ఎవరికీ వినబడలేదు. మొదటి రెండు మాటలకే వాకిలి గుప్పుమంది. దానిమ్మ తొక్క పొడి అని ఆమె తర్వాత ఎన్నిసార్లు చెప్పినా, పొడి అని కూడా ఒప్పుకుందన్నారు. జంపయ్య లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు.

మందు కక్కించే మనిషి ఒకడు గోదావరి అవతల ఉన్నాడంటే సాగర్‌ను పడవలో తీసుకుపోయారు. వాడు ఏదో ఆకుపసరు తాగించాడు. సాగర్ కళ్లు తేలవేసేదాకా కక్కాడు. ఆ కక్కులోంచి ఆ మనిషి వెంట్రుకలు చుట్టుకున్న ఒక చిన్న ముద్దను పుల్లతో తీసి చూపించాడు. ఆ ముద్ద వాడి గుప్పిట్లోంచి వచ్చిందా, సాగర్ కడుపులోంచి వచ్చిందా అని అడిగినవాళ్లు లేరు. నొప్పి మాత్రం పోలేదు. అయితే ఇంకా లోపల అంటుకుని ఉందన్నారు.

సారక్క పుట్టింటికి పోయింది. మాట ఆమెకంటే ముందే బస్సెక్కి పోయి ఉంది. అక్కడ అన్న భార్య ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదు. భవాని పెళ్లికి అడ్డమవుతుందని అమ్మ కూడా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది, వెళ్లిపొమ్మని. తిరిగి జంపయ్య ఇంటికే వచ్చింది. అతను పొమ్మనలేదు, రమ్మనలేదు. అత్త వండేది. సారక్కకు ఒక కంచం వేరుగా ఉండేది. ఆమె బావి నుంచి తెచ్చిన నీళ్లు పశువులకు పోసేవారు, మనుషులు తాగేవారు కాదు. దారిలో పోయేవాళ్లు పిల్లలను కొంగు చాటు చేసుకునేవారు. కూపులో వంటకు వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఆమె బాధ అది ఒక్కటే అయితే మనం జాలిపడి ఊరుకోవచ్చు. జనం కళ్లు మూసుకుని నమ్మిన దానిని, రాను రాను సారక్క కళ్లు తెరుచుకుని నమ్మసాగింది. మనుషులు అబద్ధం ఆడతారు. మిషన్‌కు తన మీద పగ ఏముంటుంది? అది లోపలికి చూసింది, చూసింది చూసినట్టు చెప్పింది. గోడకు పట్టిందని చెప్పింది. పేగుకు గోడ ఉంటుందని ఆమె ఎన్నడూ వినలేదు. ఇప్పుడు ఆ గోడ తప్ప ఇంకేమీ తోచేది కాదు. ఇంటి మట్టిగోడను ఎర్రమన్నుతో అలికేటప్పుడు తన వేళ్ల చారలు గోడమీద వరుసగా తేలితే చెయ్యి ఆగిపోయేది. లోపల, సాగర్ కడుపులో, ఆ గోడమీద కూడా ఇవే చారలు ఉన్నాయని అనిపించేది. గబగబా అరచేత్తో చెరిపేసేది. అరచేయి ముద్ర పడేది.

ఆ పొడి దంచిన రోట్లో అంతకుముందు ఏం దంచింది? ఇది గుర్తు తెచ్చుకోవడానికి సంవత్సరాలు గడిపింది. మిరపకాయలా? పొలంలో ఎలుకలకు పెట్టడానికి అత్త ఏదో నూరింది, అది ఈ రోట్లోనేనా? రోలు కడిగిందా? కడిగినట్టే గుర్తు. కడగనట్టు కూడా గుర్తు. ఒకసారి అత్తే అడిగింది, ఏందే అట్ల చేతులు వాసన చూసుకుంటవ్ అని. సారక్క చేతులు కొంగులో దాచుకుంది. బూడిదతో, ఇసుకతో తోమి తోమి ఆమె వేళ్ల సందులు పగిలిపోయి ఉండేవి.

సాగర్‌ను మాత్రం హైదరాబాద్ దవాఖానా బతికించింది. మొదట టీబీ అన్నారు, నెలల తరబడి ఆ గోలీలు మింగించారు. తగ్గకపోతే కెమెరా గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. టీబీ కాదు, క్రాన్స్ అన్నారు. పేగులో వాపు వచ్చి, గోడ లావెక్కి, దారి ఇరుకైపోయే రోగం. పూర్తిగా పోదు, అణిచి ఉంచుకోవాలి. సాగర్ అక్కడే ఒక అపార్టుమెంటులో లిఫ్టు పని చూసుకుంటూ మందులు వాడాడు. ఆ పేరు నోరు తిరగక వాడు ఇంట్లో వాపు అనే చెప్పాడు. మందు వల్ల వచ్చిన వాపు అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. వాడు కూడా అంతకంటే ఆలోచించలేదు. అన్న చెవితో విన్నమాటను వాడు కూడా బల్ల మీద పడుకుని విన్నాడు కదా.

అత్త చనిపోయాక సాగర్ ఊరికి వచ్చాడు. అప్పటికి ఖమ్మంలో శ్రావణి అని ఒక డాక్టరమ్మ ఉంది. ప్రతిసారీ గొట్టం వేయకుండా, పైనుంచి స్కానింగ్‌తోనే పేగును చూసి, రోగం పెరుగుతోందో తగ్గుతోందో చెప్పేది. వాడు అక్కడికి పోసాగాడు. రెండువేల ఏడు ఎండాకాలంలో రోగం మళ్లీ తిరగబడింది. ఆమె మందు మార్చింది. వచ్చేసారి ఇంట్లో ఆడవాళ్లను ఎవరినైనా తీసుకురమ్మని, తిండి సంగతి చెప్పాలని అన్నది.

ఇంట్లో ఉన్న ఆడమనిషి ఒక్కతే. పొద్దున కూపుకు పోయేముందు జంపయ్యే అన్నం వండి పోయేవాడు. ఆమె ఆ అన్నమే తినేది.

"వదినా, ఖమ్మం రావాలె," అన్నాడు సాగర్, ఎటో చూస్తూ.

ఇల్లెందు దగ్గర బస్సు ఆగితే వాడు కిందికి దిగి నీళ్లపాకెట్ కొనుక్కుని తాగాడు. సారక్క ఒళ్లో నీళ్ల సీసా ఉంది. దాన్ని ఆమె సంచిలోకి తోసేసింది.

స్కానింగ్ గదిలో తలుపు పక్కన నిలబడబోతే డాక్టరమ్మ దగ్గరికి పిలిచింది.

"రా అమ్మా, నువ్వూ చూడు. సాగర్‌కు నువ్వేమయితవు?"

"వదినను."

సాగర్ పొట్ట మీద మిషన్ ఆనింది. సారక్క తల దించుకుంది. ఆమె చూడకూడదనుకున్న గోడ అది.

"ఇదిగో, ఈ నల్లటి గీత ఉంది చూడు, ఇదే పేగు గోడ. పోయినసారి ఎంతుండె సాగర్, నీకు చూపించిన గద? ఇప్పుడు సగానికి దిగింది. నొక్కితే నలుగుతున్నది. అప్పుడు గొట్టం లెక్క బిగుసుకుపోయి ఉండె. మందం మంచిగ తగ్గింది."

"మందు తగ్గిందా అమ్మా?" సారక్క తల ఎత్తింది.

"మందు తగ్గుడేంది? మందు నేనే ఇస్తున్న. మందం. లావు. రొట్టె మందంగ ఉంది, పలచగ ఉంది అంటరు చూడు, అట్ల. మంచి పేగు గోడ పలచగ ఉంటది. వాపు వస్తే లావయితది."

సారక్క తెరను చూస్తోంది. సాగర్ కళ్లు మూసుకుని ఉన్నాడు.

"గా మందం, ఎవరన్న ఏమన్న పెడితె వస్తదా అమ్మా? తిండ్ల కలిపితె?" అని అడిగింది సారక్క.

"ఎవరు పెడతరమ్మా? పెడితే వచ్చేది కాదిది. ఒంటిని కాపాడే శక్తి ఉంటది గద, అదే దారి తప్పి పేగు మీద పడ్డది."

"ఎందుకు పడ్డది?"

డాక్టరమ్మ మిషన్ పక్కన పెట్టి, గుడ్డతో సాగర్ పొట్ట మీది జిగురు తుడిచింది.

"ఎందుకన్నది మాకు కూడా పూర్తిగ తెల్వదు. పరిశోధన జరుగుతున్నది. ఇగ తిండి చెప్త, విను..."

మెత్తటి అన్నం, పొట్టు తీసిన పప్పు, కారం తక్కువ, నొప్పి ఉన్నన్నాళ్లు పీచు కూరలు వద్దు. సారక్క అన్నిటికీ తల ఊపింది. వండే మనిషి తను కాదని చెప్పలేదు.

బయటికి వచ్చాక బస్‌స్టాండ్ బెంచీ మీద సాగర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

"వదినా, మేము తప్పు ఇన్నం," అన్నాడు.

సారక్క సంచి సర్దుకుంది. "బస్సొచ్చింది, ఎక్కు," అన్నది.

ఊళ్లో వాడు ఒక్కొక్కరికీ చెప్పాడు. ఎవరూ కాదనలేదు, అదే విచిత్రం. జంపయ్య విని, "అప్పుడు గట్లనే ఇనవడ్డది మరి," అని బీడీ వెలిగించుకున్నాడు. ఒకాయన, "మందం అయితే మరి ఎంటికల ముద్ద ఎట్ల వడ్డది?" అని అడిగాడు. ఇంకొకామె సారక్కను చూసి, "పోనీయక్కా, అయిపోయిందేదో అయిపోయె," అన్నది, తనే ఆమెను క్షమించినట్టు. అంతకు మించి ఊరు తన తప్పుకు ఖర్చుపెట్టలేదు. బావి దగ్గర ఆమె చేతి నీళ్లు తాగడానికి ఎవరూ ముందుకు రాలేదు. తాగనని కూడా అనలేదు. దాహం కాలేదన్నారు.

సాగర్ ఒక్కడే పట్టుబట్టాడు. "నువ్వే వండు, నేను తింట," అని బియ్యం చేట తెచ్చి ముందు పెట్టాడు. ఆమె రాళ్లు ఏరి, చేట జంపయ్య చేతికిచ్చింది. అడగడం మానకుండా అడిగాడు. ఆమె రాళ్లు ఏరి ఇవ్వడం మానలేదు.

మరుసటి ఏడాది వాడికి పెళ్లయింది. మణుగూరులో కాపురం పెట్టాడు. కూతురు పుట్టింది. రెండువేల తొమ్మిదిలో ఆ పిల్లకు అన్నం ముట్టించే రోజు సారక్కను తీసుకుపోవడానికి తానే వచ్చాడు. ఆమె కొత్త చీర కట్టుకుని పోయింది. జనానికి దూరంగా, తలుపు పక్కన కూర్చుంది. సాగర్ పాయసం గిన్నెనూ, పిల్లనూ తెచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. పాయసం వాడి భార్య వండింది. సారక్క చేయవలసిందల్లా వేలితో తీసి పిల్ల నాలుకకు రాయడం. అందరూ చూస్తున్నారు. వాడికి కావలసింది కూడా అదే, అందరూ చూడాలని.

ఆ వానాకాలంలోనే సారక్క జ్వరంతో పోయింది. వాగులు పొంగి, సాగర్ చేరేసరికి మట్టి కూడా అయిపోయింది. కనుక వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది ఆ రోజే చివరిసారి.

"పెట్టు వదినా. నాకు పెట్టినట్టే పెట్టు," అన్నాడు.

పిల్ల ఆమె ముఖంలోకి చూసి నోరు తెరిచింది. సారక్క చెయ్యి గిన్నె దాకా పోయింది. అక్కడ ఆగింది. ఆ చేతిని ఆమె కాసేపు పరాయి మనిషి చేతిని చూసినట్టు చూసి, కొంగు కిందికి తీసుకుంది.

"ఎందుకొస్తదో వాళ్లకే తెల్వదన్నరు గద సాగర్," అన్నది మెల్లగా, పిల్ల మీదనుంచి కళ్లు తీయకుండా. "నా చేతినుంచి రాలేదని నాకెట్ల తెలుస్తది? నువ్వే పెట్టుకో."